తలపాగాలో జొన్నకంకి

రండర్రా, ఇటు రండి. ఆ గోడ వార నుంచి జరిగి దగ్గరగా కూర్చోండి. నేను గొంతు పెంచి చెప్పను, వినాలంటే మీరే దగ్గరికి రావాలి. పలకలు సంచుల్లో పెట్టేయండి. ఈశ్వరమ్మా, తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకో, వాడికి మధ్యలో నిద్రొస్తే రానీ. ఊఁ కొట్టేవాళ్ళు ముందుకి రండి. ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు.

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టకముందు, ఒక రాజుండేవాడు. ఆయన రాజ్యం పేరు పాలవెల్లి. ఆ రాజ్యంలో కోటకి ఎంత కాపలా ఉండేదో, పశువుల కొట్టానికీ అంత కాపలా ఉండేది. కొట్టంలో మూడు వందల ఆవులు. రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి తిప్పితే గాలి కోసుకుపోయేది. రెండోవాడు బుద్ధిసాగరుడు, చదవని పుస్తకం లేదు. మూడోవాడి పేరు చంద్రకాంతుడు గానీ ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. పొద్దు పొడిస్తే కొట్టంలో, పొద్దు గుంకితే కొట్టంలో. అందుకని అందరూ వాణ్ణి పసలరాజు, అంటే పశువుల రాజు, అనేవాళ్ళు. అన్నలు వెక్కిరిస్తూ అనేవాళ్ళు, ఆవులు మురిపెంగా అనేవి.

ఆవులు మాట్లాడతాయా అని అడక్కండి. ఆ రోజుల్లో మాట్లాడేవి. వినేవాళ్ళే తక్కువ.

పసలరాజు ఎనిమిదేళ్ళప్పుడు ఒక పని చేశాడు. గౌరి అని ఒక ఆవు, వాడికి ప్రాణం. అది రెండు రోజులు అడవిలో తప్పిపోయి, ఆకలితో డొక్కలు పీక్కుపోయి తిరిగొచ్చింది. వీడు పరుగెత్తుకుంటూ వంటింట్లోకెళ్ళి, తన పుట్టినరోజుకి వండిన పాయసం గంగాళం మొత్తం ఈడ్చుకొచ్చి దాని ముందు పెట్టాడు. నేతిలో ఉడికిన బియ్యం, బెల్లం, జీడిపప్పు. తనకి ఇష్టమైంది దానికీ ఇష్టమే కదా అనుకున్నాడు. అది ఆబగా తినేసింది. తెల్లారేసరికి కడుపు ఉబ్బి, కాళ్ళు చాచేసింది.

ఆ రోజు పసలరాజు మేత వేసే గాడి పక్కన కూర్చుని ఏడుస్తుంటే, పెద్దకాపరి ఓబన్న కూతురు పైడి వచ్చి పక్కన కూర్చుంది. దానికీ ఎనిమిదేళ్ళే.

"ఏడవకండి దొరా. పశువుకి పాయసం పడదు. మా నాయన ఒక మాట చెప్తాడు, మీరూ నేర్చుకోండి," అంది. వేళ్ళు మడుస్తూ చెప్పింది:

"ఆకలిగొన్న కడుపుకి మెల్లగా. ముందు నీళ్ళు, ఆ తర్వాత ఎండుగడ్డి. ఆపైన కుడితి, అన్నిటికీ ఆఖర్న గింజ."

మీరూ ఒకసారి అనండి. ఊఁ, బాగుంది. గుర్తుంచుకోండి, కథలో అవసరం పడుతుంది.

ఆ మాటతో మొదలై ఇద్దరూ కొట్టంలోనే పెరిగారు. పైడి తవుడు జల్లిస్తే వాడు గానుగపిండి నానబెట్టేవాడు. వాడు చొప్ప నరికితే ఆమె గాడిలో వేసేది. పొద్దు వాలేటప్పుడు పైడి కొట్టం ముందు నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి "హోయ్... రా తల్లీ రా!" అని పిలిచేది. మూడు వందల ఆవులూ ఆ పిలుపుకి మేత ఆపి తలలెత్తేవి. కొత్త జొన్న చేతికొచ్చినప్పుడల్లా నాలుగు కంకులు కుచ్చుగా కట్టి కొట్టం చూరుకి వేలాడదీసేది. "ఇవి పిచ్చుకలకి. వాటికి గాడి ఉండదు కదా దొరా," అనేది.

ఇద్దరికీ ఇరవై ఏళ్ళొచ్చాయి. ఒక సాయంత్రం పసలరాజు ధైర్యం చేసి అడిగాడు.

"పైడీ, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

పైడి చేతిలో కుడితి బిందె ఉంది. ఆమె ముఖం ఎర్రబడింది. అయినా నోరు ఊరుకోదుగా.

"ఇదేం వేళ దొరా, పెళ్ళిళ్ళు అడిగే వేళ? ఆవులు దప్పికతో ఉన్నాయి. ఆగండి, ఈ తొట్టి నింపొచ్చి చెప్తా," అంది.

అంతే. అదే ఆఖరి మాట.

పడమటి నుంచి ఒక సుడిగాలి లేచింది. అది మామూలు గాలి కాదు, బీడుమాంత్రికుడు. వాడు అడుగు పెట్టిన చోట గడ్డి మొలవదు, అందుకని ఆ పేరు. ఏడు సముద్రాల అవతల ఉంటాడు. ఎంత తిన్నా వాడి ఆకలి తీరదు. వాడు సుడిగాలై వచ్చి మూడు వందల ఆవుల్నీ దూదిపింజల్లా ఎత్తుకుపోయాడు. పైడి చుక్కావు మెడతాడు పట్టుకుంది. వదిలేసి ఉంటే నేల మీద మిగిలేది. మేపిన చెయ్యి కదా, వదల్లేదు. తాడుతో పాటు ఆమె కూడా లేచిపోయింది.

దుమ్ము సద్దుమణిగేసరికి కొట్టంలో మూడు వందల దూడలు, సగం నిండిన కుడితి తొట్టి, ఆ తొట్టి పక్కన పసలరాజు. అంతే మిగిలింది.

రాజు చాటింపు వేయించాడు. ఆవుల్నీ పైడినీ తెచ్చినవాడికి ఏం కావాలంటే అది. పెద్దకొడుకు గుర్రమెక్కాడు. పసలరాజూ బయల్దేరబోయాడు. దూడలు వాడి చుట్టూ మూగి, వేళ్ళు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టాయి. తల్లిపాలు లేవు. వాడు వెళ్ళిపోతే అవి మూడు రోజులు బతకవు.

వాడు ఉండిపోయాడు. ఊరూరా తిరిగి మేకపాలు తెచ్చాడు. పల్చటి రాగిజావ కాచి, చేతివేళ్ళు ముంచి ముంచి తాగించాడు. ప్రతి సాయంత్రం పొద్దు వాలేవేళకి దూడలన్నీ పడమటికి తిరిగి "అంబా" అనేవి. వాడు నోరు తెరిచి అనలేడు. పడమటికి తిరిగి నిలబడేవాడు. చూరుకి వేలాడే జొన్నకుచ్చు గాలికి ఊగేది.

నెల తిరిగేసరికి పెద్దవాడు కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాడు.

"సముద్రం ఒడ్డున ఒక బక్కెద్దు ఉంది. 'మేత పెట్టు, దాటిస్తా' అంది. గోనెడు జొన్నలు దాని ముందు గుమ్మరించాను. తిని, ఉబ్బి, కూలబడింది. అది ఎద్దు కాదు, దయ్యం!" అన్నాడు.

రెండోవాడు బయల్దేరాడు. ఇంకో నెలకి వాడూ తిరిగొచ్చాడు.

"గింజలు ఎక్కువైతే ఉబ్బుతుందని పుస్తకంలో ఉంది. అందుకని పచ్చిమేత పెట్టాను. ఆ ఒడ్డునే వానల్లేక గిడసబారిన లేత జొన్నచేను ఉంటే కోసి వేశాను. తిన్న కాసేపటికి నురగలు కక్కి పడిపోయింది. దయ్యమే!"

దూడల దగ్గర కూర్చున్న పెద్దకాపరి ఓబన్న నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో నా సామీ! వాన లేక ఎండిన లేత జొన్నలో విషం ఉంటుందని మా ఇంట్లో పాకే పిల్లకి కూడా తెలుసు. దాన్నే కదయ్యా మేము నాము అంటాం," అన్నాడు. తర్వాత పసలరాజు వైపు తిరిగాడు. కూతురు పోయిన రెండు నెలల్లో ఆయన గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. "దొరా, దూడలు గడ్డి కొరకడం నేర్చాయి. ఇక వీటిని నేను చూసుకుంటా. మీరు వెళ్ళండి."

పసలరాజు కత్తి తీసుకోలేదు. రెండు గోనె సంచుల్లో ఒకదానిలో ఎండుగడ్డి, ఒకదానిలో తవుడు, ఒక ఉప్పురాయి, తోలుతిత్తి నిండా నీళ్ళు. వెళ్ళేముందు కొట్టం చూరు కిందకెళ్ళాడు. పిచ్చుకలు తినగా ఒక్క కంకి మిగిలింది. పైడి చేత్తో కట్టిన ముడి ఇంకా దానికి ఉంది. దాన్ని తీసి తలపాగాలో దోపుకున్నాడు.

నడిచి నడిచి సముద్రం ఒడ్డుకి చేరాడు. ఎద్దు అక్కడే పడుంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. గంగడోలు గుడ్డపేలికలా వేలాడుతోంది.

"మూడోవాడివి వచ్చావా నాయనా?" అంది. "మొదటివాడు ఉబ్బించాడు, రెండోవాడు విషం పెట్టాడు. నువ్వేం తెచ్చావు?"

"నీళ్ళు తెచ్చాను బసవన్నా. ఇంతకీ నిన్ను ఇక్కడ వదిలిందెవరు?"

"బీడుమాంత్రికుడే. మోసినన్నాళ్ళు మోయించుకున్నాడు. సత్తువ తగ్గగానే ఇక్కడ పడేసి, 'మళ్ళీ పనికొస్తావేమో, చావకు' అని మంత్రం వేసిపోయాడు. చావు రాదు, ఆకలి మాత్రం వస్తుంది. మేత పెట్టు. నాకు సత్తువ వస్తే నా డెక్క కింద నీళ్ళు నేలవుతాయి. మూడు సముద్రాలు దాటిస్తా."

పసలరాజు ఉప్పురాయి కాస్త గీకి నీళ్ళలో కలిపి, దోసిలితో తాగించాడు. మధ్యాహ్నానికి ఒక గుప్పెడు ఎండుగడ్డి. సాయంత్రానికి ఇంకో గుప్పెడు. అంతే.

"ఇదేమిట్రా?" అంది ఎద్దు. "ఆ సంచి నిండా ఉంది కదా! పిసినారి నాయనా, తెరువు!"

"తెరవను."

"ఆ పక్కన ఎవరో నీకోసం ఎదురుచూస్తోందని నీ ముఖం మీద రాసుంది. నాకు పెట్టేస్తే ఈ రాత్రికే బయల్దేరతాం. తెరువు!"

పిల్లలూ, ఆ మాట వాడికి ఎక్కడ తగిలిందో తెలుసా? సరిగ్గా అప్పుడే పొద్దు వాలుతోంది. పడమటి గాలి నీళ్ళ మీదుగా వీస్తోంది. ఆ గాలిలో, సన్నగా, "హోయ్... రా తల్లీ రా..." అని వినపడ్డట్టయింది. నిజంగా వినపడిందో, వాడి చెవుల్లో ఉన్నదే వినపడిందో. వాడి చెయ్యి సంచి మూతి మీదికి వెళ్ళింది. ముడి సగం విప్పింది.

గౌరి గుర్తొచ్చింది. ముడి మళ్ళీ బిగించాడు.

"బసవన్నా, నేను ప్రేమగా పెట్టి ఒక ఆవుని చంపినవాణ్ణి. తొందరగా పెట్టి నిన్ను మళ్ళీ కూలబెట్టలేను. ఆకలిగొన్న కడుపుకి మెల్లగా," అన్నాడు.

 ఎద్దు తల తీసుకొచ్చి వాడి ఒళ్ళో పెట్టింది.

ముందు నీళ్ళు, ఆ తర్వాత... చెప్పండి? ఊఁ, ఎండుగడ్డి. మూడు రోజులు గడ్డి పెంచుతూ పోయాడు. ఆపైన మూడు రోజులు పల్చటి తవుడు కుడితి. ఆపైన మూడు రోజులు చిక్కటి కుడితి. తొమ్మిది సాయంత్రాలు. తొమ్మిది సాయంత్రాలూ వాడు ఒడ్డున నిలబడి పడమటికి చూశాడు. పదో రోజు పొద్దున్నే ఎద్దు లేచి నిలబడింది. నెమరు వేసింది. పశువు నెమరు వేసిందంటే దాని కడుపు బాగున్నట్టే.

"ఎక్కు," అంది.

ఒక సముద్రం దాటింది. రెండు సముద్రాలు దాటింది. మూడు సముద్రాలు దాటింది. నాలుగోదాని ఒడ్డున ఆగి, "ఇక్కడినుంచి నా దారి కాదు. ఆ బండ మీద గేదె ఉంది చూడు. నోరు మంచిది కాదు, మనసు మంచిది," అంది.

ఆ బండ మీద నల్లటి గేదె. చుట్టూ గడ్డివాములు. అయినా ముట్టుకోవడం లేదు.

"ఏరా అబ్బీ, ఏం చూస్తున్నావు? ఇంత మేత ఉంచుకుని తినదేం అనా?" అని కసిరింది. "నువ్వు తిను ముందు. బూజు వాసన తెలుస్తుంది."

పసలరాజు వాములో చెయ్యి పెట్టి చూశాడు. పైన బంగారంలా ఉంది, లోపల నల్లగా బూజు. గేదె వీపు మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టు కాలింది.

"పెద్దమ్మా, నీకిప్పుడు కావలసింది మేత కూడా కాదు."

"ఆహా! మరేంట్రా?"

"బురద."

గేదె కళ్ళు అరమోడ్చింది. "ఎన్నాళ్ళకి విన్నానురా ఆ మాట," అని మెత్తబడిపోయింది.

వాడు ఒడ్డున గుంట తవ్వాడు. కొండ కింద ఊటనీళ్ళు మళ్ళించాడు. గేదె అందులో దిగి, ముక్కు తప్ప ఏమీ కనపడకుండా మునిగింది. వాడు ఆ వీపు మీద బురద రాశాడు. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది. ఒళ్ళు చల్లబడితే ఆకలి పుట్టింది. వాడు బూజు పట్టిన గడ్డిని దూరంగా పారేసి, మంచిదాన్ని ఏరి, దులిపి, ఎండలో ఆరబెట్టి మూడు రోజులు పెట్టాడు.

"తలపాగాలో ఏదో పెట్టుకున్నావు. జొన్నకంకి వాసన. ఇటియ్యి," అంది గేదె మూడో రోజు.

"అది తప్ప ఏదైనా అడుగు పెద్దమ్మా."

"ఎవరిదిరా?"

వాడు తలపాగా సర్దుకున్నాడు. గేదె మళ్ళీ అడగలేదు. వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని నాలుగో సముద్రం, ఐదో సముద్రం, ఆరో సముద్రం ఈదింది. ఆరోదాని ఒడ్డున దించి, "మొద్దు వెధవా, భద్రం," అంది. గేదెల భాషలో అది దీవెన.

ఇక ఏడో సముద్రం. దాంట్లో నీళ్ళు లేవు! మాంత్రికుడు దప్పికేసి తాగేశాడు. కనుచూపు మేరా తెల్లటి ఉప్పు. ఎటు చూసినా ఒకటే తెలుపు, దారి తెలియదు. ఒడ్డున ఒక మేక నిలబడి ఉంది.

"ఓయ్ బావా! దారి నాకు తెలుసు. కానీ ఆకలేస్తోంది."

పసలరాజు పక్కనున్న తుమ్మకొమ్మ విరిచి దాని ముందు పడేశాడు. మేక ముఖం తిప్పుకుంది.

"నేనేమైనా ఆవునా, నేల మీద పడేసింది ఏరుకు తినడానికి?"

వాడికి నవ్వొచ్చింది. పైడి పోయిన నాటి నుంచి ఇదే మొదటిసారి నవ్వడం. పైడి అనే మాట అది: 'మేకకి కూర్చోబెట్టి పెడితే తినదు దొరా, నిలబెట్టి పెట్టాలి.' కొమ్మల్ని కట్టగా కట్టి చెట్టుకి వేలాడదీశాడు. మేక వెనక కాళ్ళ మీద లేచి, కులుకుతూ, ఒక్కో ఆకూ ఏరుకుని తింది.

"ఇది మర్యాద! పద బావా," అంది.

ఉప్పులో పగలంతా నడిచారు. పొద్దు వాలబోతుండగా ఎదురుగా ఒక నల్లటి కోట. కోట ముందు బీడు. ఆ బీడులో మూడు వందల ఆవులు, వాటి మధ్య ఒక మనిషి. ఆ మనిషి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"హోయ్... రా తల్లీ రా!"

అది గాలి కాదు, అది చెవుల్లో మోగింది కాదు. పసలరాజు కాళ్ళు నిలవలేదు. పరుగెత్తి వెళ్ళి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.  పైడి చిక్కిపోయింది. చేతిలో ఖాళీ బిందె ఉంది. వాణ్ణి చూసి బిందె జారవిడిచి, మళ్ళీ తీసుకుంది.

"దూడలు?" అంది మొదట.

"అన్నీ ఉన్నాయి. గడ్డి కొరుకుతున్నాయి."

అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని గబగబా చెప్పింది.

"వాడు రోజూ ఈ మూడు వందల ఆవుల పాలూ తాగుతాడు దొరా. అయినా 'ఆకలి, ఆకలి' అంటాడు. దూడలు లేక ఇవి చేపడం లేదు, పొదుగులోకి పాలు దిగడం లేదు. నా పిలుపు విని ఏదో కాస్త వదులుతాయి, అందుకే నన్ను ఉంచాడు. అదీ రోజు రోజుకి తగ్గిపోతోంది. పాలు ఆగిన రోజు ఆవుల్ని తింటానన్నాడు, మర్నాడు నన్ను. నిన్న ఇరవై ఆవులు ఒట్టిపోయాయి."

"వాడి ప్రాణం ఎక్కడుంది?"

"లోపల బంగారు పంజరంలో చిలుక. ఆ మెడ రోజూ నా చేతికి అందుతూనే ఉంది. కానీ దానికి మేత పెట్టేది నేనే దొరా. మేత పెట్టే చేత్తో మెడ పిసకలేకపోయాను," అంది.

"ఏం పెడతావు?"

"వాడు ఇచ్చేవే. రోజుకి మూడు ముత్యాలు. ఈ బీడులో గింజన్నది లేదు. ఆవులకి గడ్డివాములు గాలిలో ఎత్తుకొస్తాడు, చిలుకకి ముత్యాలు తెస్తాడు."

పసలరాజు లోపలికెళ్ళి పంజరం తెరిచాడు. చిలుకని చేతిలోకి తీసుకున్నాడు. పిసికేద్దామనే తీసుకున్నాడు, ఉన్నమాట చెప్పాలి కదా. కానీ ఈకల కింద రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. గౌరి డొక్కలు తగిలినట్టే.

"చంపితే చంపు," అంది చిలుక, నీరసంగా. "ఒక్కసారి జొన్న వాసన చూపించి చంపు. నేను జొన్నచేలో పుట్టాను. మా అమ్మ పాలకంకి కొరికి నోట్లో పెట్టేది."

అప్పుడు పసలరాజుకి అంతా అర్థమైంది. మాంత్రికుడి ప్రాణం ఈ చిలుకలో ఉంది. చిలుక ఆకలే వాడి ఆకలి. దీని కడుపు నిండకుండా వాడు ఏడు సముద్రాలు తాగినా నిండదు. తన ప్రాణం కదా అని వాడు అన్నిటికంటే విలువైంది పెడుతున్నాడు. పాయసం గంగాళం ఈడ్చుకొచ్చిన పిల్లవాడికీ వీడికీ తేడా ఏముంది?

అంతలో గాలి లేచింది. తాటిచెట్టంత మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. పొట్ట వెన్నుకి అంటుకుపోయి ఉంది.

"ఎవడ్రా నువ్వు? నా ప్రాణం వదులు!"

"నీ ప్రాణాన్ని చంపను. ఒక పందెం కడదాం. నువ్వు ముత్యం పెట్టు, నేను నాకు తోచింది పెడతా. చిలుక ముత్యం తింటే నేను నీకు బానిసని. నాది తింటే ఆవులూ పైడీ మావి."

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "ముత్యాన్ని మించిన మేత ఉందా? సరే!" అని కోడిగుడ్డంత ముత్యం తీసి పెట్టాడు.

పసలరాజు తలపాగా విప్పాడు. కంకి తీశాడు. ఆ ముడి తనదేనని పైడి గుర్తుపట్టింది. గేదె అడిగినా ఇవ్వని కంకి అది. ఇన్నాళ్ళూ వాడు తలకింద పెట్టుకుని పడుకున్న కంకి. పైడి వైపు ఒకసారి చూశాడు. మనిషే ఎదురుగా ఉంటే ఇక గుర్తు ఎందుకు? ఐదు గింజలు ఒలిచి అరచేతిలో పెట్టాడు.

చిలుక ముత్యం వైపు చూడనైనా లేదు. టక్, టక్, టక్, టక్, టక్. ఐదు గింజలు.

మాంత్రికుడు పొట్ట పట్టుకున్నాడు. "ఇదేమిటి? లోపల ఏదో... వెచ్చగా..." అని నేల మీద చతికిలబడ్డాడు. వాడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇంకా పెట్టు! మొత్తం పెట్టెయ్యి!"

"పెట్టను. ఆకలిగొన్న కడుపుకి మెల్లగా."

"చంపేస్తా!"

"చంపితే ఒలిచేదెవరు?" అంది పైడి. "రోజుకి ఐదేసి గింజలు. మిగిలిన కంకి పాలవెల్లి చేరాక. ముందు మమ్మల్ని ఇంటికి చేర్చు."

ఏం చేస్తాడు? పందెం ఓడాడు, పైగా ఆకలి. సుడిగాలై లేచాడు గానీ ఈసారి మెల్లగా, బిందెలో నీళ్ళు తొణక్కుండా మోసినట్టు మోశాడు. మూడు వందల ఆవుల్నీ, వీళ్ళిద్దర్నీ, చిలుకనీ. దారిలో మేకనీ ఎత్తుకున్నారు, గేదెనీ ఎత్తుకున్నారు, ఎద్దునీ ఎత్తుకున్నారు. "మీద పడకే మేకా!" అని గేదె దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. రోజుకి ఐదు గింజలు, మూడు రోజుల ప్రయాణం.

పాలవెల్లిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. దూడలు ఎప్పటిలాగే పడమటికి తిరిగి "అంబా" అన్నాయి. ఆ సాయంత్రం పడమటి నుంచి మూడు వందల గొంతులు బదులు పలికాయి.

దూడలు తాళ్ళు తెంచుకుని పరుగెత్తాయి. ఆవులకి దూరం నుంచే పాలు చేపి, పొదుగుల నుంచి కారి నేల తడిసింది. పైడి పరుగెత్తి అడ్డం నిలబడింది. "మెల్లగా! మెల్లగా! అలవాటు తప్పిన కడుపులు, కొంచెం తాగనిచ్చి లాగండి!" అని అరిచింది. ఓబన్న కూతుర్నే చూస్తూ, ఆమె చెప్పినట్టే ఒక్కో దూడనీ పట్టి లాగుతూ ఏడ్చాడు.

చిలుకని జొన్నచేలో వదిలారు. అది మిగిలిన కంకి తిని, జొన్నదంటు మీద కూర్చుని, "చాలు" అంది. ఆ 'చాలు' మాంత్రికుడు తన జన్మలో మొదటిసారి విన్నాడు. ఆకలితో పాటే వాడి గాలి పోయింది, మంత్రం పోయింది. పొట్టిగా, మామూలు ముసలాయన మిగిలాడు. "ఏదైనా పని ఇప్పించండయ్యా," అన్నాడు. కుడితి తొట్లు కడిగే పని ఇచ్చారు. బాగానే కడిగేవాడు.

అందరూ సర్దుకున్నాక పసలరాజు కొట్టంలోకి వచ్చాడు. పైడి బిందెతో ఎదురొచ్చింది. ఏమీ జరగనట్టే, నిన్న సాయంత్రమే ఆగినట్టే.

"తొట్టి నింపొచ్చి చెప్తానన్నావు," అన్నాడు వాడు.

"ఇంకా సగమే నిండింది కదా," అంది ఆమె. బిందె అంచు వాడి వైపు జరిపింది. "నువ్వో పక్క పట్టు. మీ నాయనకి చెప్పు, ముహూర్తం పొద్దున పూట పెట్టించమని. సాయంత్రాలు మనకి కుడితి పని ఉంటుంది."

పొద్దున పూటే పెళ్ళయింది. అన్నలిద్దరూ పెళ్ళిపందిట్లో వడ్డించారు, గోనెలు గుమ్మరించకుండా గరిటెలతో. రాజు రాజ్యం మూడోవాడికే ఇచ్చాడు. వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు ఏలారు. వాళ్ళ ఏలుబడిలో తొట్టి ఎండిన ఇల్లు లేదు, దూడ ఆకలితో పడుకున్న రాత్రి లేదు. ప్రతి పంటకీ చేలో ఒక సాలు కోయకుండా చిలుకలకి వదిలేవాళ్ళు. చూరుకి ఒక కుచ్చు కట్టేవాళ్ళు. అది కట్టేటప్పుడు మాత్రం ముడి పైడే వేసేది. పసలరాజు పక్కన నిలబడి ఆ ముడి చూస్తూ ఉండేవాడు.

వాళ్ళ కడుపు నిండింది, నా కథ కూడా నిండింది. ఇక లేవండి. మీ అమ్మలు అన్నం వండి ఎదురుచూస్తుంటారు. కానీ వెళ్ళగానే కంచం ముందు కూర్చోకండి. ముందు కొట్టంలోకెళ్ళి తొట్టిలో నీళ్ళున్నాయో లేదో చూడండి. మీ ఆవు మీ వైపు తలెత్తి చూస్తుంది. చూడనివ్వండి. ఆ తర్వాత చేతులు కడుక్కుని, మీరు తినండి.

మెల్లగా తినండి. పదండి, పదండి.